రాజమండ్రి బట్టల కొట్టు చరిత్ర రాయాలంటే ముందు అటక ఎక్కండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. తాతగారు స్వాతంత్ర్యానికి ముందు రాజమండ్రి మెయిన్ రోడ్డులో పెట్టిన బట్టల కొట్టును మీ నాన్నగారు, బాబాయిగారు ఈ దసరా వెళ్ళాక మూసేస్తున్నారు. మీ చేతిలో రెండు ఫొటోలు, నాన్నగారు చెప్పే నాలుగు కథలు ఉన్నాయి. అటక మీద ఎర్ర బైండు పుస్తకాల మూటలు ఉన్నాయి, వాటిని "చిత్తు కాగితాలవాడికి వేసేద్దాం" అంటున్నారు. కొట్టు చరిత్ర రాయాలని ఉంది, ఎవర్ని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ముందు ఎవర్నీ అడగకండి. అటక ఎక్కండి. ఆ ఎర్ర పుస్తకాల్లో ఒక్కటి కూడా ఇల్లు దాటి పోకుండా ఆపండి. కథలు తర్వాత వినొచ్చు. నాన్నగారు చెప్పే కథలు ఇంకో ఇద్దరు ముగ్గురికైనా తెలిసే ఉంటాయి. ఆ లెక్కల పుస్తకాల్లో, అంటే చిట్టా, ఆవర్జాల్లో ఉన్నది మాత్రం ఇంకెక్కడా లేదు.

నేను ముప్పై ఆరేళ్ళు ఈ ఊళ్ళో వర్తకులకు ఆదాయ పన్ను లెక్కలు రాశాను. వాళ్ళలో సగానికి పైగా బట్టలవాళ్ళే. రిటైరయ్యాక నాలుగు కుటుంబాలకు వాళ్ళ కొట్టు చరిత్ర రాసుకోవడంలో పక్కన కూర్చుని సాయపడ్డాను. ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. రామచంద్రపురంలో మా నాన్నగారికీ చిన్న బట్టల కొట్టు ఉండేది. 1984లో మూసేసినప్పుడు పుస్తకాలన్నీ తూకానికి వేసింది నేనే. అప్పటికే లెక్కలు రాసే వృత్తిలో ఉండి కూడా వాటిని చిత్తు కాగితాలే అనుకున్నాను. మా నాన్నగారి చేతిరాత ఇవాళ నా దగ్గర ఒక్క పేజీ లేదు. అందుకే ఎవరు అడిగినా ఈ మాటే ముందు చెబుతాను.

ఇక పుస్తకాలు తెరిచాక ఏం చూడాలో చెబుతాను.

మొదట ఏడాది పట్టుకోండి. పాత పుస్తకాల మొదటి పేజీలో పసుపు బొట్టు, "శ్రీరామ" అని, దాని కింద సంవత్సరం పేరు ఉంటాయి. చాలా కొట్లలో ఉగాదికే కొత్త పుస్తకం తెరిచేవారు. స్వభాను అని ఉంటే 1943 ఉగాది నుంచి 1944 ఉగాది దాకా. సర్వజిత్తు అంటే 1947-48. విజయ అంటే 1953-54. హేవిళంబి 1957-58. అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది కాబట్టి పేరొక్కటి చూసి తేల్చెయ్యకూడదు, లోపల రాసిన డబ్బు ఎలా ఉందో కూడా చూడాలి. రూపాయలు, అణాలు, పైసల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది. ఆ రోజు నుంచి రూపాయికి నూరు నయాపైసలు. అలవాటు ఒక్కరోజులో పోదు కాబట్టి తర్వాత కూడా కొన్నాళ్ళు రెండు లెక్కలూ కలిసి కనిపిస్తాయి. నేను చూసిన ఒక చిట్టాలో గుమాస్తా దాదాపు ఏడాదిపాటు పక్కనే చిన్నగా అణాలు వేసుకుంటూ వచ్చాడు.

అంకెలు చూసి భయపడకండి. తెలుగు అంకెలు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. తికమక పెట్టేవి గీతలే. నిలువు గీత పావలా, అంటే నాలుగణాలు. అడ్డగీత అణా. ౩౹౽ అని ఉంటే మూడు రూపాయలు, ఒక పావలా, రెండు అణాలు, అంటే మూడు రూపాయల ఆరణాలు. ఈ ఒక్క కిటుకు తెలిస్తే పేజీలు మాట్లాడతాయి.

రెండోది, చిట్టా కంటే ఆవర్జా ముఖ్యం. చిట్టా రోజువారీ రాత. ఆవర్జాలో ఒక్కో మనిషికి ఒక్కో ఖాతా ఉంటుంది. మీ కొట్టు చరిత్ర అందులోనే ఉంది. నా అనుభవంలో బట్టల కొట్టు బతికింది గుడ్డ మీద కాదు, అరువు మీద. మనకు రైతు చేతికి డబ్బు ఏడాదికి రెండుసార్లే వచ్చేది. సార్వా (మొదటి పంట) కోతలయ్యాక సంక్రాంతి ముందు ఒకసారి, దాళ్వా (రెండో పంట) అయ్యాక ఒకసారి. కొవ్వూరు అవతల పొగాకు పండించే ఊళ్ళవాళ్ళకైతే పొగాకు అమ్మాకే. పెళ్ళిళ్ళు మాత్రం మాఘంలోనూ వస్తాయి, వైశాఖంలోనూ వస్తాయి. మధ్యలో ఉన్న ఆ నెలలను మోసింది మీ తాతగారి కొట్టే. ఒక రైతు ఖాతాలో "పెళ్ళి బట్టలు" అని ఒకే రోజు పెద్ద పద్దు ఉండి, జమలు రెండు మూడు పంటల దాకా చిన్నచిన్నగా సాగాయంటే, ఆ ఇంటి ఆడపిల్ల పెళ్ళి ఎలా జరిగిందో మీకు తెలిసినట్టే.

ఖాతాలు ఊళ్ళవారీగా విడదీయండి. ఒక కాగితం మీద గోదావరి గీసి, ఏ ఊరి నుంచి ఎన్ని ఖాతాలో చుక్కలు పెట్టండి. నేను ఒక కుటుంబానికి అలా చేయిస్తే, వాళ్ళ ఖాతాదారుల్లో ఎక్కువమంది టౌనువాళ్ళు కాదని, పోలవరం వైపు నుంచి లాంచీ మీద వచ్చేవాళ్ళని తేలింది. ఉదయం లాంచీకి వచ్చి, బట్టలు, సరుకులు కొనుక్కుని, సాయంత్రం లాంచీకి వెళ్ళిపోయేవారు. అందుకే ఆ కొట్లో మధ్యాహ్నం భోజనాల ఖర్చు విడిగా ఒక పద్దు ఉంది. ఇంటి వెనక వండి పెట్టింది ఆ ఇంటి కోడళ్ళు. వాళ్ళు ఏనాడూ గల్లా దగ్గర కూర్చోలేదు గానీ, దూరపు బేరం ఆ కొట్టుకు అంటిపెట్టుకుని ఉండటంలో ఆ భోజనానికి పెద్ద వాటా ఉంది. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చాక కొవ్వూరు వైపు ఊళ్ళ ఖాతాలు పెరగడం అదే ఆవర్జాలో కనిపించింది. మీ కొట్లో అలా జరిగిందో లేదో మీ పుస్తకాలే చెప్పాలి.

పుష్కరాల ఏడాది పుస్తకం ప్రత్యేకంగా తీసి పెట్టుకోండి. 1979, 1991, 2003 చూడండి. తువ్వాళ్ళు, పంచెలు, రవికెల గుడ్డలు ఆ పన్నెండు రోజుల్లో ఎన్ని వెళ్ళాయో చూస్తే మిగతా ఏడాదితో పోల్చుకోవచ్చు.

మూడోది, "స్థాపితం" అన్న మాటను నమ్మేముందు కాగితం వెతకండి. మీ బోర్డు మీద 1940 అని ఉందన్నారు. ఉండొచ్చు. కానీ ఇది తరచూ తేడా వచ్చే చోటు. నేను సాయపడ్డ ఒక కొట్టు బోర్డు మీద 1935 అని ఉండేది. అద్దె కాగితం బహుధాన్య సంవత్సరానిది, అంటే 1938-39. ఇంట్లో పెద్ద గొడవే అయింది, తాతగారు అబద్ధం చెప్పారా అని. అబద్ధం కాదు. 1935 నుంచి మూడేళ్ళు ఆయన బట్టల మూట భుజాన వేసుకుని సంతలు తిరిగారు. ఆ సంతల లెక్క ఒక చిన్న నోటుపుస్తకంలో దొరికింది. ఆయన దృష్టిలో వ్యాపారం మొదలైంది మూటతో, కొట్టుతో కాదు. చివరికి వాళ్ళు పుస్తకంలో రెండు తేదీలూ రాశారు. నాకైతే బోర్డు కంటే ఆ చిన్న నోటుపుస్తకమే గొప్పగా అనిపించింది.

తేదీలకు పనికొచ్చే కాగితాలు ఇవి: అద్దె దస్తావేజు, కొట్టు కొనుక్కుని ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి తీసే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), 1932 భాగస్వామ్య చట్టం కింద ఫర్మ్ రిజిస్టరు చేసిన కాగితం, గోడకు ఫ్రేము కట్టి వేలాడే షాపుల చట్టం సర్టిఫికెట్, బిల్లు పుస్తకాలు. బిల్లు మీద ఫోను నెంబరుకు ఎన్ని అంకెలున్నాయో చూసినా కాలం తెలుస్తుంది. కొట్టు పేరు మారిన చోట ఆగండి. "అండ్ సన్స్" పోయి "అండ్ బ్రదర్స్" వచ్చిందంటే ఆ ఏడాది ఇంట్లో ఏదో జరిగింది. పంపకాలు కావచ్చు, ఒక మరణం కావచ్చు. పెద్దవాళ్ళు దాని గురించి మాట్లాడరు. పేరు మాట్లాడుతుంది.

యుద్ధకాలం నాటి కంట్రోలు కాగితాలు దొరికితే అవి బంగారం. 1943లో గుడ్డ మీద, నూలు మీద ప్రభుత్వం కంట్రోలు పెట్టింది. మిల్లు గుడ్డ మీదే ధర ముద్ర పడేది, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. 1948 మొదట్లో కంట్రోలు ఎత్తేశారు, ధరలు ఒక్కసారిగా ఎగిరాయి, అదే ఏడాది మళ్ళీ పెట్టారు. మీ ఇంట్లో సర్వజిత్తు, సర్వధారి సంవత్సరాల చిట్టాలు ఉంటే ఒకే రకం లాంక్లాత్ (తెల్ల నూలు గుడ్డ) గజం ధర నెల నెలా రాసుకుంటూ రండి. ఆ ఎగుడుదిగుడు మీ కళ్ళముందే కనిపిస్తుంది. అప్పటి లైసెన్సు కాగితం ఉందంటే, ఆ తేదీ నాటికి కొట్టు ఉందనడానికి అంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక హెచ్చరిక. కొందరు అమ్మకం పన్ను రికార్డుల్లో కొట్టు పేరు వెతికి, 1958 తర్వాత కనిపించకపోతే "అప్పుడు కొట్టు మూతపడి ఉంటుంది" అని రాసేస్తారు. పొరపాటు. 1957 చివర్లో కేంద్రం మిల్లు బట్ట, పంచదార, పొగాకు మీద అదనపు ఎక్సైజు సుంకం వేసి, రాష్ట్రాల అమ్మకం పన్నుకు బదులుగా దాన్ని పెట్టింది. కాబట్టి బట్టల కొట్టు ఆ రికార్డుల్లోంచి మాయమవడం సహజం. అదే కొట్టు ఆదాయ పన్ను కాగితాల్లో కనిపిస్తుంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి బట్టకు 5 శాతం పడ్డప్పుడు పాత వర్తకులు అంత కంగారు పడింది రేటుకు కాదు, ప్రతి ముక్కకూ బిల్లు రాయాల్సి వచ్చినందుకు. చాలామంది నా దగ్గర కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మీ బాబాయిగారిని ఆ ఏడాది గురించి తప్పకుండా అడగండి.

నాలుగోది, గుడ్డ పేర్లు పోగొట్టకండి. పుస్తకాల్లో మల్లు, సైను గుడ్డ, కోరా, పాప్లిన్, ఛీటీ, వాయిలు చీర, తర్వాత టెర్లిన్, నైలెక్స్, పాలిస్టర్ వరసగా వస్తాయి. పన్నా (గుడ్డ వెడల్పు) ఎంత, తాను (గుడ్డ చుట్ట) ఎన్ని గజాలు అన్నవీ ఉంటాయి. 1960ల మొదట్లో గజం పోయి మీటరు వచ్చింది. గజం 36 అంగుళాలు, మీటరు 39 అంగుళాల పైచిలుకు. ఆ మూడంగుళాల తేడా జాకెట్టు ముక్క దగ్గర ఎంత బేరం నడిపిందో పాత గుమాస్తాలు చెబితే వినాలి. కొట్లో పాత గజం బద్ద ఉంటే దాన్ని వేలం సామానులో కలపకండి.

నేత చీరల ఖాతాలు విడిగా చూడండి. బండారులంక, మోరి, అంగర, పులుగుర్త, ఉప్పాడ పేర్లు కనిపిస్తే ఆ ఊళ్ళ నేతవారితో మీ కొట్టుకు ఎలాంటి లావాదేవీ ఉందో తేల్చండి. డబ్బిచ్చి చీర కొన్నారా, నూలిచ్చి కూలి కట్టారా? రెండూ ఒకటి కాదు. నూలిచ్చి నేయించిన కొట్టు చరిత్రలో నేతగాడి ఇల్లు కూడా ఉండాలి. ఆ ఇంటికెళ్ళి అడగకుండా రాస్తే సగమే రాసినట్టు.

మిల్లు గుడ్డ వచ్చిన దారి కూడా పుస్తకాల్లో ఉంటుంది. బొంబాయి నుంచో మద్రాసు నుంచో బేళ్ళు (గుడ్డల పెద్ద కట్టలు) రైల్లో వచ్చేవి. కాగితాలు బ్యాంకుకు వచ్చేవి. డబ్బు కట్టి ఆర్‌ఆర్ (రైల్వే రసీదు) విడిపించుకుంటేనే స్టేషన్లో బేలు చేతికొచ్చేది. ఆర్‌ఆర్ విడిపించడానికి డబ్బు చాలని నెలల్లో ఎవరి దగ్గర చేబదులు తెచ్చారో చిట్టాలో ఉంటుంది. ఒక కొట్లో ఆ పేరు తరచూ ఎదురుగా ఉన్న పోటీ కొట్టువారిదే. ఇద్దరూ బద్ధ శత్రువులని ఊరంతా అనుకునేది.

ఇప్పుడు కథల సంగతి. కుటుంబ కథలు అబద్ధాలని నేను అనడంలేదు. పద్దు పక్కన పెట్టి వినమంటున్నాను. ఒక కుటుంబంలో "మా ముత్తాత 1930లో విదేశీ గుడ్డంతా నడివీధిలో తగలబెట్టారు" అని చెప్పుకునేవారు. ఈ ఊరికి 1907లో బిపిన్ చంద్ర పాల్ వచ్చి మాట్లాడినప్పటి నుంచి స్వదేశీ వేడి ఉంది కాబట్టి కథ నమ్మేలాగే ఉంది. చిట్టా తీస్తే, ఆయన తగలబెట్టలేదు. రెండు బేళ్ళు నష్టానికి టోకు వర్తకుడికి తిప్పి పంపి, ఆ తర్వాత విదేశీ మల్లు కొనడం పూర్తిగా మానేశారు. ఆ నష్టం తీరడానికి రెండేళ్ళు పట్టింది. మనవలు మొదట చిన్నబోయారు. నాకు మాత్రం మంట కంటే ఆ నష్టం పద్దే ఎక్కువ గౌరవం కలిగించింది. వాళ్ళకూ అదే చెప్పాను. కొన్నాళ్ళకు ఒప్పుకున్నారు.

అలాగే కొట్టు ఎందుకు దెబ్బతింది అంటే అందరూ పెద్ద మాల్స్ పేరు చెబుతారు. అది మొత్తం నిజం కాదు. నేను లెక్కలు రాసిన కొట్లలో తానుల అమ్మకం మాల్స్ రాకముందే, 1990ల నుంచే తగ్గుతూ వచ్చింది. కారణం రెడీమేడ్. ముక్క కొని కుట్టించుకోవడం తగ్గింది. అరుగు మీద మిషను పెట్టుకున్న దర్జీ ముందు వెళ్ళిపోయాడు, వెనక కొట్టు చిక్కింది. ఇంకోపక్క తాడితోట హోల్‌సేల్ మార్కెట్ నుంచి, ద్వారపూడి నుంచి జనం నేరుగా కొనుక్కోవడం అలవాటైంది. మీ కొట్టు విషయంలో ఏది ముందో నాన్నగారి మాట మీద కాకుండా ఏడాదివారీ అమ్మకం చూసి రాయండి.

మనుషుల్ని అడిగేటప్పుడు పుస్తకం చేతిలో ఉండాలి. "నాన్నా, పాత రోజుల గురించి చెప్పండి" అంటే ఎప్పుడూ చెప్పే నాలుగు కథలే వస్తాయి. "1962లో సీతానగరం వైపు ఈ పేరుతో ఇంత బాకీ ఉంది, ఎవరీయన?" అని అడగండి. మనిషి కూర్చునే తీరే మారిపోతుంది. ముందుగా పాత గుమాస్తాలను పట్టుకోండి. మీ ఇంటివాళ్ళకంటే వాళ్ళకు ఎక్కువ తెలుసు, వాళ్ళ వయసూ ఆగదు. జీతాల పద్దులో వాళ్ళ పేర్లు ఉంటాయి, ఎవరు ఎన్నేళ్ళు చేశారో లెక్కేయండి. ముప్పై నలభై ఏళ్ళు చేసినవారికి మీ పుస్తకంలో ఒక పేజీ కాదు, ఒక అధ్యాయం ఇవ్వాలి. బేళ్ళు దించిన ముఠా కూలీలను, దర్జీని వదలొద్దు. మీ నాయనమ్మగారు ఉంటే ఆవిడ దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చోండి. ఖాతా మగవారి పేరున ఉన్నా "మార్ఫత్ అమ్మగారు" (అమ్మగారి ద్వారా) అని పక్కన రాసి ఉంటుంది చూడండి, అసలు కొన్నది ఆ అమ్మగారే. ఏ చీర నచ్చేదో, ఏ రంగు వద్దనేవారో నాయనమ్మగారికి గుర్తుంటుంది.

ఊళ్ళో వెతకాలంటే గౌతమీ గ్రంథాలయంలో పాత పత్రికలు, గుళ్ళ ఉత్సవాల సంచికలు చూడండి. వాటి వెనక పేజీల్లో బట్టల కొట్ల ప్రకటనలు ఉంటాయి. బంధువుల ఇళ్ళలో మీ కొట్టు పేరున్న పాత క్యాలెండర్లు, గుడ్డ సంచులు ఉన్నాయేమో కబురు పెట్టండి. క్యాలెండరు మీద ఏడాది ఎలాగూ ఉంటుంది.

జాగ్రత్తలు రెండు. బాకీదారుల పేర్లు ప్రచురించకండి. ఆ మనవలు ఇవాళ అదే ఊళ్ళో ఉన్నారు. "ఒక రైతు" అంటే చాలు. తీరని బాకీలు కొట్టేసిన పేజీ ఒకటి దాదాపు ప్రతి ఆవర్జాలోనూ ఉంటుంది, అందులో ఎవరి గౌరవమో ఉంది. రెండోది, పుస్తకాలను తడిగుడ్డతో తుడవొద్దు, లామినేషన్ అసలు చేయించొద్దు. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, నీడలో ఆరబెట్టి, పగటి వెలుతురులో పేజీ పేజీ ఫోనుతో ఫొటో తీయండి. పక్కన ఒక చీటీ మీద పుస్తకం పేరు, సంవత్సరం రాసి పెట్టి తీయండి, లేకపోతే నెల తర్వాత ఏది ఏదో తెలియదు. 1986 ఆగస్టు వరదకు తడిసి అట్టలా అంటుకుపోయిన పుస్తకాలు ఉంటే బలవంతంగా విప్పకండి, అలాగే విడిగా ఉంచండి.

దసరాకు ఇంకా టైముంది. ఈ ఆదివారం మూటలన్నీ దించి, ఎన్ని పుస్తకాలున్నాయో, అన్నిటికంటే పాతదాని మీద ఏ సంవత్సరం పేరు ఉందో చూడండి. ఆ మొదటి పేజీ, ఇంకేదైనా ఒక రైతు ఖాతా పేజీ, పేరు కనిపించకుండా చెయ్యి అడ్డుపెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. గీతలు నేను చదివి చెబుతాను.